వ్యాసాన్ని తిరగరాయడం: వాదన నిలబడేలా, ఆధారం సరిపోయేలా

వ్యాసరచన పోటీకో, డిగ్రీ ప్రాజెక్టుకో, పత్రికకో రాసిన చిత్తుప్రతి మీ ముందుంది. "ఇంకొకసారి చూడు" అనగానే చాలామంది అచ్చుతప్పులు దిద్దుతారు, నాలుగు చోట్ల బరువైన మాటలు చేరుస్తారు, చివర్లో ఒక వేమన పద్యం అతికిస్తారు. వ్యాసం ముచ్చటగా తయారవుతుంది గానీ, మనతో ఒప్పుకోని పాఠకుడు ఉన్నచోటే ఉంటాడు. అతణ్ణి కదిలించాలంటే చూడవలసినవి రెండే: మనం ఎంత మాట అంటున్నాం, దానికి ఎంత ఆధారం చూపిస్తున్నాం. ఈ రెండింటి కొలతా కుదరకపోవడం దగ్గరే వ్యాసాలు కూలిపోతాయి.

ఒకే ఉదాహరణను పట్టుకుని చివరిదాకా పోదాం. అనంతపురం పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలిసిన పంట చెనిక్కాయ, పుస్తకాల్లో వేరుశనగ. చిత్తుప్రతిలోని వాదన ఇది: "అనంతపురం జిల్లా రైతులు వేరుశనగ మానేసి చిరుధాన్యాలు పండించాలి." వ్యాసం 800 మాటలు, చేతిరాతలో ఐదారు పేజీలు. తిరగరాయడానికి మూడు విడతలు పెట్టుకోండి, విడతకు గంటన్నర. ఒకే రాత్రి కూర్చుని ముగించాలనుకుంటే, మూడో గంటకు మీ వాక్యాలన్నీ మీకు బంగారంలా కనిపిస్తాయి.

మొదటి మెట్టు: పేరాకో వాక్యం

చిత్తుప్రతిని కనీసం ఒక రోజు పక్కన పడేయండి. తర్వాత వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ వదిలి ప్రింటు తీయండి, లేదా రాసిన కాగితాల పక్కన తెల్లకాగితం పెట్టుకోండి. ప్రతి పేరాకూ నంబరు వేసి, ఆ పేరా ఏం చెబుతోందో పన్నెండు మాటలు మించకుండా ఒక్క వాక్యంలో రాయండి. "ఈ పేరా వర్షాల గురించి" అని రాస్తే లెక్కలోకి రాదు. అది విషయం పేరు మాత్రమే. "వానల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ఒంటి పంట ప్రమాదం" అంటే వాదన.

ఇప్పుడు వ్యాసం మూసేసి ఆ వాక్యాలను మాత్రమే వరుసగా చదవండి. కొన్ని జబ్బులు ఇక్కడే బయటపడతాయి. ఒక పేరాకు వాక్యం దొరకదు. అందులో నేపథ్యం తప్ప ఏమీ లేదన్నమాట. "వ్యవసాయం మన దేశానికి వెన్నెముక" అని మొదలయ్యే పేరా దాదాపు ఎప్పుడూ ఇదే కోవలోది, మొహమాటపడకుండా కొట్టేయండి. రెండు పేరాలకు ఒకే వాక్యం వస్తే వాటిని కలపాలి. ఒక పేరాకు రెండు వాక్యాలు కావలసి వస్తే విడగొట్టాలి. మూడు, నాలుగు పేరాలను తారుమారు చేసినా తేడా తెలియడం లేదంటే, మీ దగ్గరున్నది జాబితా. వాదన ఇంకా పుట్టలేదు.

రెండో మెట్టు: ప్రధాన వాదనను మోయగలిగినంతకు తగ్గించడం

మన చిత్తు వాదన వైపు మళ్లీ చూడండి. "అనంతపురం జిల్లా" అంటే ఏది? 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. కదిరి, ధర్మవరం, హిందూపురం అటు వెళ్లాయి. "రైతులు" అంటే ఎవరు? బోరు కింద చీనీ (బత్తాయి) తోట ఉన్న రైతూ, ఆకాశం వైపు చూసే మెట్ట రైతూ ఒకటి కాదు. "మానేసి" అంటే ఒక్క గింజ కూడా వేయకూడదనా? "చిరుధాన్యాలు" అంటే కొర్రా, సజ్జా, రాగులా? ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కదాన్ని పట్టుకుని లాగినా వాదన మొత్తం ఊడి వస్తుంది.

తిరగరాస్తే: "అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో బోరు లేని ఎర్రనేలల్లో చెనిక్కాయను ఒంటి పంటగా కాకుండా కంది సాళ్లు కలిపి వేయడం మేలు, అదును దాటిపోయిన ఏట కొంత భాగంలో కొర్ర వేయాలి."

ఇది పాతదానికంటే చిన్న మాట, కానీ గట్టి మాట. వాదన తగ్గిస్తే బలం తగ్గుతుందని విద్యార్థులు భయపడతారు. నిజానికి "అందరూ", "ఎప్పుడూ", "పూర్తిగా" అన్న మాటలకు ఒక్క ఎదురుదాఖలా చాలు. కొర్ర వేసి నష్టపోయిన ఒక్క రైతు ఉంటే "అందరూ" కుప్పకూలుతుంది.

తగ్గించేటప్పుడు అటు చివరకీ పోకూడదు. "రైతులు పంటల గురించి ఆలోచిస్తే మంచిది" అన్నదాన్ని కాదనేవారు ఎవరూ ఉండరు, కాబట్టి అది వాదనే కాదు. పరీక్ష సులువు: మీ వాక్యాన్ని కాదనగల తెలివైన మనిషి ఒకరిని ఊహించుకోండి. మన ఉదాహరణలో ఆయన కదిరి వైపు ముప్పై ఏళ్లుగా చెనిక్కాయే వేస్తున్న రైతు కావచ్చు. ఆయనకు వాదించడానికి ఏమీ లేకపోతే వాక్యం మరీ పలచబడింది.

మూడో మెట్టు: మూడు రంగుల పరీక్ష

ఎరుపు, నీలం, ఆకుపచ్చ పెన్నులు తీసుకోండి. మీరు అంటున్న మాట ఎరుపు. దానికి చూపిస్తున్న ఆధారం (అంకె, ఘటన, నిపుణుడి మాట, కళ్లారా చూసినది) నీలం. ఈ ఆధారం ఆ మాటను ఎలా బలపరుస్తుందో చెప్పే వాక్యం ఆకుపచ్చ. ఏ రంగూ పడని వాక్యాలను అలాగే వదిలేయండి.

గీతలు గీశాక పేజీని చేయి చాచినంత దూరంలో పట్టుకుని చూడండి. అంతా ఎర్రగా ఉంటే ఉపన్యాసం. అంతా నీలంగా ఉంటే గణాంకాల పట్టిక. మనవాళ్ల వ్యాసాల్లో ఎరుపు బాగానే, నీలం అక్కడక్కడ ఉంటాయి. ఆకుపచ్చే దాదాపు కనబడదు. ఈ మార్గదర్శిలో మిగతావన్నీ మర్చిపోయినా పర్వాలేదు గానీ, ఆకుపచ్చ గీత సంగతి మర్చిపోకండి.

ఇది కొత్త సంగతేమీ కాదు. న్యాయశాస్త్రంలో (అంటే మన ప్రాచీన తర్కశాస్త్రంలో) వాదనకు ఐదు అవయవాలు చెప్పారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ కనబడుతోంది కాబట్టి, ఇది హేతువు. ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పుంటుంది, వంటింట్లోలా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది, ఇది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పుంది, ఇది నిగమనం. మన వ్యాసాలు ప్రతిజ్ఞ చెప్పి, హేతువు ఒకటి విసిరి, నేరుగా నిగమనానికి దూకుతాయి. సాధారణ సూత్రాన్ని మన కొండకు తెచ్చి కలిపే ఉపనయం మాయమవుతుంది. ఆకుపచ్చ గీత పడవలసిన చోటు అదే.

ఇంకో ఉదాహరణ. కర్నూలులో హైకోర్టు ఉండాలని వాదించే వ్యాసాలు, రాజధాని, హైకోర్టుల్లో ఒకటి రాయలసీమకు ఇస్తామని కోస్తా నాయకులు ఒప్పుకున్న 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికను తప్పకుండా చూపిస్తాయి. ఒడంబడిక నిజం. 1953 అక్టోబరు 1 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉండటమూ నిజం. కానీ ఒక మాట ఇచ్చారని ఋజువు చేయడం వేరు, ఈరోజు కక్షిదారుకు అది అవసరమని ఋజువు చేయడం వేరు. మొదటిదానికి ఒడంబడిక చాలు. రెండోదానికి దూరం, ప్రయాణ ఖర్చు, పెండింగు కేసుల లెక్క కావాలి. "ఇచ్చిన మాటను ఇన్నేళ్ల తర్వాత కూడా ఎందుకు నిలబెట్టుకోవాలి" అన్న ఆకుపచ్చ వాక్యం లేకపోతే ఆ చరిత్రంతా అలంకారంగా మిగిలిపోతుంది.

నాలుగో మెట్టు: నీలం గీతలన్నీ అనుమానించడం

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది ఇదే. రెండో విడత మొత్తం దీనికే కేటాయించండి.

ముందు చెవిపరీక్ష. ఆధారం చెబుతున్న ప్రతి వాక్యం చివరా "అట" చేర్చి పైకి చదవండి. "దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షం పడేది అనంతపురంలోనేనట." ఎంత సహజంగా అతికిందో చూశారా! "అట" అంత హాయిగా అతికి, "ఎవరన్నారట?" అంటే జవాబు రాకపోతే అది ఆధారం కాదు, ఊరి మాట.

ఈ జైసల్మేర్ వాక్యం జిల్లాలో రాసే ప్రతి రెండో వ్యాసంలో ఉంటుంది. కాస్త తడిమి చూస్తే నిలవదు. అనంతపురం సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. జైసల్మేర్‌లో 200 లోపే. మధ్యలో ఎవరూ లేరా? బికనీర్‌లో 300 లోపు పడుతుంది. లేహ్‌లో అయితే 100 మి.మీ. అటూ ఇటూ, జైసల్మేర్ కంటే కూడా తక్కువ. వాక్యం తప్పని తెలిసిన ఒక్క పాఠకుడు చాలు, మీ మిగతా అంకెలన్నిటినీ అనుమానిస్తాడు. పోనీ, ఈ వాక్యం లేకపోతే మీకు నష్టమేమన్నా ఉందా? లేదు. పడమటి కనుమల వాననీడలో ఉండటం వల్ల నైరుతి బలహీనంగా వస్తుంది, తూర్పు తీరానికి దూరం కాబట్టి ఈశాన్యం అంతగా అందదు. ఈ కారణం చెప్పి 550 అంకె వేస్తే చాలు. దేశంలో రెండో స్థానం అనే కిరీటం అక్కర్లేదు.

తర్వాత హద్దుల లెక్క. 2022కు ముందటి అంకె ఏదైనా ఉమ్మడి జిల్లాది. కర్నూలు అంకెల్లో నంద్యాల, కడప అంకెల్లో రాజంపేట, రాయచోటి కలిసే ఉంటాయి. 2015 సాగు విస్తీర్ణాన్ని 2023 విస్తీర్ణంతో పోల్చి "సాగు సగానికి పడిపోయింది" అని రాస్తే, పడిపోయింది జిల్లా సైజు. పక్కన "ఉమ్మడి జిల్లా" అని రాయండి, లేదా మన ఉదాహరణలో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల అంకెలు కూడి పోల్చండి.

ఆ పైన, అంకె దేన్ని కొలుస్తోందో చూడండి. 2011 జనగణనలో అనంతపురం జిల్లా జనాభా 40,81,148, అక్షరాస్యత 63.57 శాతం. ఈ శాతాన్ని మొత్తం జనాభాకు వర్తింపజేసి "ఇన్ని లక్షల మంది చదువుకున్నవారు" అని గుణించేస్తారు. అక్షరాస్యతను ఏడేళ్లు, ఆ పైబడిన వారిలోనే లెక్కిస్తారు, కాబట్టి గుణకారం తప్పు. అదే జనగణనకు తాత్కాలిక అంకెలు, తుది అంకెలు అని రెండు రకాలున్నాయి. రెండు వెబ్‌సైట్లు రెండు అంకెలు చూపిస్తుంటే కారణం చాలాసార్లు ఇదే. తుది అంకె తీసుకోండి.

అంకె ఎక్కడిదో కూడా ముఖ్యం. జిల్లా ముఖ్య ప్రణాళిక అధికారి కార్యాలయం వేసే గణాంక హ్యాండ్‌బుక్‌లో వర్షపాతం, భూవినియోగం, పంటల విస్తీర్ణం దొరుకుతాయి. పంటల రకాలు, విత్తే కాలం, అంతరపంటల సంగతి కదిరి, రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానాల సిఫారసుల్లో చూడవచ్చు. పత్రికలో వచ్చిన అంకె వాడితే, ఆ వార్త ఏ నివేదికను చూపిస్తోందో కనుక్కుని మూలానికే వెళ్లండి. వాట్సాప్ బొమ్మలో వచ్చిన అంకె గురించి చెప్పనవసరం లేదు.

రైతు చెప్పిన మాటకు విలువ లేదా? ఉంది. ప్రత్యక్షం (కళ్లారా చూసినది) కూడా ప్రమాణమే. కానీ ఒక రైతు అనుభవం "ఇలా జరుగుతుంది" అని చూపించగలదు, "ఎక్కువగా ఇలాగే జరుగుతుంది" అని ఋజువు చేయలేదు. అంకె తర్వాత అనుభవం పెడితే అంకెకు ప్రాణం వస్తుంది. అంకె లేకుండా పెడితే, ఎదుటివాడు మరో రైతును తెచ్చి నిలబెడతాడు. నిపుణుడి మాట విషయంలో ఆప్తుడు (నమ్మదగిన మనిషి) ఎవరన్నది చూడాలి: ఆయనకు ఆ విషయం తెలియాలి, దాచే అవసరం ఉండకూడదు. విత్తన కంపెనీ ప్రతినిధికి మొదటి అర్హత ఉన్నా రెండోది అనుమానమే.

ఐదో మెట్టు: కారణం నిజంగా కారణమేనా

"డ్రిప్ పెట్టుకున్న రైతులకు దిగుబడి ఎక్కువ, కాబట్టి దిగుబడి డ్రిప్ వల్లే" అని చిత్తులో ఉందనుకోండి. డ్రిప్ ఉండాలంటే ముందు బోరులో నీళ్లుండాలి. నీళ్లున్న రైతుకు డ్రిప్ లేకపోయినా మెట్ట రైతు కంటే పంట ఎక్కువే వస్తుంది. హేతువు అటూ ఇటూ రెండు వైపులా పోతే తర్కంలో సవ్యభిచారం అంటారు. పోల్చవలసింది బోరు ఉండి కాలువల్లో పారించే రైతుతో.

ప్రతి "వల్ల", "కాబట్టి", "అందుకే" కింద గీత గీసి మూడు ప్రశ్నలు వేయండి. ఈ కారణం ఉన్నా ఫలితం రాని చోటు ఉందా? కారణం లేకుండానే ఫలితం వచ్చిన చోటు ఉందా? రెండింటినీ కలిపి పుట్టిస్తున్న మూడోది ఏమైనా ఉందా? జవాబు ఇబ్బంది పెడితే "వల్లే"ను "వల్ల కొంత"గా మార్చండి, లేదా పోలిక మార్చండి.

ఆరో మెట్టు: పూర్వపక్షాన్ని దాని బలంతోనే చెప్పడం

సిద్ధాంతం (మన నిర్ణయం) చెప్పేముందు పూర్వపక్షం (ఎదుటివారి వాదన) చెప్పడం మన సంప్రదాయమే. చాలా వ్యాసాల్లో మాత్రం అది "కొందరు దీన్ని వ్యతిరేకిస్తారు, కానీ అది సరికాదు" అన్న ఒక్క వాక్యం. అలా ఎదుటివాడి మాట చెప్పకుండా కొట్టేయడం వాదన అనిపించుకోదు.

చెనిక్కాయ రైతు తరఫున గట్టి మాటలేమిటి? కాయ పోయినా చెనిక్కాయ కట్టె పశువులకు మేతవుతుంది. అమ్ముకోవడానికి మార్కెట్ యార్డులు, నూనె మిల్లులు అలవాటైన దారి. కొర్రకు పొట్టు తీసే మిల్లు దగ్గరలో లేకపోతే పండించిన పంట బస్తాల్లోనే ఉంటుంది. కంది చేలో ఎక్కువ రోజులు నిలబడుతుంది, కాపలా బాధ. ఈ నాలుగింటినీ ఆ రైతే చదివి "ఔను, మా మాటే" అనేలా రాయండి.

ఆ తర్వాత వేటికి జవాబు చెప్పాలి, వేటిని ఒప్పుకోవాలి అన్నది తేల్చుకోవాలి. మేత మాట: మనం చెనిక్కాయను మానేయమనడం లేదు, కలపమంటున్నాం, కాబట్టి కట్టె ఎక్కడికీ పోదు. రెండో మెట్టులో వాదన తగ్గించిన ఫలితం ఇక్కడ అందుతుంది. మిల్లు మాట నిజం, ఒప్పుకోవాలి. ఒప్పుకుని, కొర్రను ఏటా కాకుండా అదును దాటిన ఏటికే పరిమితం చేశామని గుర్తుచేయాలి. ఒక్క అభ్యంతరాన్నయినా నిజాయితీగా ఒప్పుకున్న వ్యాసాన్ని పాఠకుడు మిగతా చోట్ల కూడా నమ్ముతాడు.

పూర్వపక్షం ఎక్కడ పెట్టాలి? పాఠకులు మొదటి నుంచీ వ్యతిరేకులైతే ముందే. తటస్థులైతే మీ ప్రధాన ఆధారం తర్వాత. ముగింపుకు ఆనుకుని మాత్రం పెట్టకండి. చివరగా చదివింది ఎదుటి పక్షమే అవుతుంది.

ఏడో మెట్టు: ఒక పేరాను మార్చి చూద్దాం

చిత్తు: "మన జిల్లాలో వర్షాలు చాలా తక్కువ. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షం పడేది ఇక్కడే. వేరుశనగ వేసి రైతులు అప్పులపాలవుతున్నారు. చిరుధాన్యాలు ఆరోగ్యానికి మంచివని అనేకమంది నిపుణులు చెబుతున్నారు. కాబట్టి రైతులందరూ వేరుశనగ మానేయాలి."

ఇందులో ఆరోగ్యం మాట తినేవారికి సంబంధించింది. వాదన పండించేవారి గురించి. అది ఎంత నిజమైనా ఇక్కడ పనిచేయదు. అప్పులకు పంటే కారణమని ఎక్కడా చూపలేదు. ఆకుపచ్చ వాక్యం ఒక్కటీ లేదు.

తిరగరాసినది: "అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. వాన పడుతుంది. మెట్ట చేలో చెనిక్కాయను దెబ్బతీసేది ఈ మొత్తం ఒక్కటే కాదు, వానకూ వానకూ మధ్య వచ్చే బెట్ట. జూలైలో విత్తిన పంటకు ఊడలు దిగి కాయ ఊరే రోజులు ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తాయి. అప్పుడు రెండు మూడు వారాలు చినుకు లేకపోతే, తర్వాత ఎంత కురిసినా ఆ నష్టం పూర్తిగా పూడదు. కంది వేరు లోతుకు పోతుంది, పూత ఆలస్యంగా వస్తుంది, చివరి వానలను వాడుకుంటుంది. రెండూ ఒకే చేలో ఉంటే ఒకే బెట్ట రెండింటినీ ఒకే దశలో పట్టుకోలేదు. బోరు లేని రైతు ఏదో ఒక పంటయినా ఇంటికి తెచ్చుకునే అవకాశం అందువల్ల పెరుగుతుంది."

పేరా రెండింతలు దాటింది. పెరిగినదంతా కారణమే. "రెండూ ఒకే చేలో ఉంటే" అన్న వాక్యాన్ని తీసేసి చదివి చూడండి. వాన సంగతి ఒకవైపు, కంది సంగతి ఒకవైపు విడిపోతాయి. వ్యాసం 800 మాటలకు మించకూడదంటే, మొదటి మెట్టులో కొట్టేసిన వెన్నెముక పేరా చోటు ఇప్పుడు అక్కరకొస్తుంది.

ఎనిమిదో మెట్టు: మాటల తూకం

భాష పని చివర్లోనే. "నిస్సందేహంగా", "అందరికీ తెలిసిందే", "ముమ్మాటికీ" కనబడిన చోట ఆగండి. ఆధారం పలచగా ఉన్న చోటే ఇవి ఎక్కువగా చేరతాయి. "అధ్యయనాలు చెబుతున్నాయి" అంటే ఏ అధ్యయనమో చెప్పండి, లేకపోతే వాక్యమే వద్దు. "అని భావించబడుతోంది" అన్నది తెలుగు నడక కాదు, పైగా భావించేది ఎవరో దాచేస్తుంది. దీనికి ఎదురు దోషం కూడా ఉంది: "కావచ్చునేమో", "ఒకవేళ ఉండవచ్చు కూడా" అని ప్రతి వాక్యాన్నీ మెత్తబరచడం. అనుమానం నిజంగా ఉన్న చోట ఒక్కసారి చెప్పి, మిగతా చోట్ల నేరుగా అనండి.

ముగింపు పేరాలో మొదటి వాక్యాన్నే తిప్పి రాయకండి. దారిలో ఒప్పుకున్న షరతులతో కలిపి వాదనను ఇప్పుడున్న రూపంలో చెప్పండి: ఏ నేలకు, ఏ రైతుకు, ఏ ఏట. కొత్త అంకె ఇక్కడ తేవద్దు, దానికి ఆకుపచ్చ వాక్యం రాసే చోటు ఉండదు.

మూడో విడత చివరి అరగంట వేరే మనిషికి ఇవ్వండి. మిమ్మల్ని మెచ్చుకునే స్నేహితుడికి కాదు, ఇంట్లో చెనిక్కాయ వేసే మామకో, ఎదురు మాట్లాడే అలవాటున్న సహాధ్యాయికో. "బాగుందా?" అని అడగకండి. "ఎక్కడ నమ్మబుద్ధి కాలేదు?" అని అడిగి, వాళ్లు వేలు పెట్టిన వాక్యం పక్కన చుక్క పెట్టుకోండి. అక్కడికక్కడే నోటితో వివరించడం మొదలుపెట్టారంటే, ఆ వివరణ పేజీ మీద లేదన్నమాట. నోటితో ఏమన్నారో అదే మాటల్లో ఆ చుక్క దగ్గర రాసుకోండి.